మూడో నంబరు

బ్రెడ్డు కోసిన మిషనే.
గుంతకల్లు స్టేషన్ రోడ్డులో బేకరీ మూసేసినంక
గోనెసంచి కింద రెండేండ్లు పడుండింది.
తొమ్మిదివేలన్నాడు.
మా ఆయన లాలెప్ప తిరగేసి, బోర్లేసి,
మోటారు కాడ ముక్కు పెట్టి వాసన చూసినాడు,
కలింగరికాయను కొట్టి చూసినట్టు
చక్రాన్ని గోటితో కొట్టి చూసినాడు.
ఆరువేల రెండొందలకు తెగింది బేరం.
మా ఇంటికి అది కోసిన మొదటి కోత అదే.

ఆటోలో ఒళ్లో పెట్టుకోని తెచ్చినా,
తేలున్న డబ్బా తెచ్చినట్టు.

అంతకు ముందు కత్తిపీట. పీట మీద మా అత్త హుసేనమ్మ.
బక్రీదు మాంసమంతా ఆమె ముందరే రాశి.
కాలితో పీట తొక్కిపట్టి
రెండు చేతుల్తో కండను ముందుకు తోస్తే
జానెడు, మూరెడు,
జారుకుంటా దిగేది పళ్లెంలోకి.
పోయినేడు చెయ్యి వణికింది.
కండతో పాటు చూపుడువేలూ.
ఐదు కుట్లు.
ఆస్పత్రిలో ఆమె అడిగింది ఒకటే:
“ఆ తునకను కడిగితిరా, పారేస్తిరా?”

మిషను సంగతి చెప్తా, కొనేవాళ్లుంటే వినండి.
మాంసం మెత్తగుంటే చక్రానికి అతుక్కుంటాది.
ఫ్రిజ్జులో గంటన్నర పెట్టల్ల,
వేలితో నొక్కితే పచ్చి జామకాయంత గట్టిపడల్ల.
మందం తిప్పే బిళ్లుంటాది —
గుంతకల్లు ఎండకు మూడు.
మబ్బు పట్టిన దినం రెండు.
నాలుగు పెడితే పైన ఎండి లోపల మురుగుతాది,
ఒకటి పెడితే అప్పడమై
పక్కింటి మిద్దెకు ఎగిరిపోతాది.
కరెంటు పోతానే ప్లగ్గు పీకల్ల.
అది వచ్చేటప్పుడు చెప్పి రాదు.

కోసినంకనే అసలు పని.
నాలుగు మరలు, వాటికొక స్టీలు గిన్నె.
ఒక మర మొదట్లోనే పోయింది,
దాని బదులు లాలెప్ప సైకిలు నట్టు బిగించినాడు.
చక్రం వెనకాల కంటికానని సందుంది,
పీచు అక్కడ దాక్కుంటాది,
రెండోరోజు ఇల్లంతటికీ తానున్నానని చెప్తాది.
పాత టూత్‌బ్రష్షు, ఉడుకునీళ్లు, సీకాయపొడి.
తుడిచేటప్పుడు నడిమధ్య నుంచి అంచుకు.
ఎదురు తుడిస్తే గుడ్డ రెండు.
కుట్టుమిషను నూనె కింద జారే కడ్డీకే,
చక్రానికి పోసినారంటే
కూరంతా టైలరు అంగడి వాసన.

సానపట్టే మద్దిలేటి చక్రాన్ని చేతిలోకి తీసుకోని
చానాసేపు నిలబడినాడు.
“కత్తికి మొదలుంటాది, కొసుంటాది.
దీన్ని యాడ మొదలుపెట్టల్లక్కా?”
మూడు చుట్లు తిప్పి
ఒక కత్తి దుడ్లే తీసుకున్నాడు.

అత్త కోతలో మాకు తెలియని లెక్కొకటుండేది.
లావు కండ మామకు, ఆ తర్వాత మగపిల్లోళ్లకు.
తీగలాంటి కొసలు నాకు, ఆడబిడ్డ జైబున్నీకి.
తనకు పళ్లెం అడుగున పొడి.
ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.
ఆ చెయ్యి అట్లనే కోసేది.

ఈసారి ఉప్పూ పసుపూ పట్టించి
మిద్దె మీద తాడుకు
నూటముప్పై కండలేసినాం,
అన్నీ అచ్చు గుద్దినట్టు.
అత్త పైకొచ్చింది. కాకుల్ని తోలుతా
తాడు పొడుగునా పోయింది, తిరిగొచ్చింది.
వంగి చూసింది. ఎండకు చెయ్యి అడ్డం పెట్టి చూసింది.
“వీట్లో ఎవరిది ఏదో ఎట్ల తెలుస్తాదే?” అనింది.
జైబున్నీ పకపకా నవ్వింది.
నేను తాడు బిగించుకుంటా ఉండిపోయినా.

మొదటి వాన పడిన రాత్రి
జొన్నరొట్టెల్లోకి వేయించినా.
అత్తే వడ్డించింది, పళ్లాలు అటు మార్చి ఇటు మార్చి.
ఎటు మార్చినా అంతే.
చివరాకర్న తన పళ్లెంలోకి నిండు కండ ఒకటి పడింది.
చానాసేపు నమిలింది.
ఏమీ అనలేదు.

తెల్లారి చూస్తే బిళ్ల నాలుగు మీదుంది.
మూడుకు తిప్పినా.
మధ్యాన్నానికి మళ్లా నాలుగు.
ఇంట్లో ఆ మాట ఎవరమూ ఎత్తలేదు.
ప్లగ్గు మాత్రం పీకే ఉంది.