ముందుదా, ఇదా

పురసవాక్కంలో, తానా వీధి మలుపులో
ఆరడుగుల చీకటి గది నాది.
ఇరవై రెండేళ్లుగా అందులో ఒకే ప్రశ్న:
"ముందుదా, ఇదా?
ఏది తేటగా ఉంది?"
తెలుగులో, తమిళంలో,
సేట్ల ఇళ్ల ముసలమ్మలకు వచ్చీరాని హిందీలో.

మొన్న శనివారం, షట్టరు సగం దించాక
సెల్వరాణి కటకాలు తుడుస్తూ,
తుడుస్తూనే, అంది:
"సార్, మీరు అడుగుతారు.
జవాబు మాత్రం మీరే రాసుకుంటారు."

పనిలో చేరి ఏడు నెలలు కాలేదు.
స్క్రూడ్రైవరు పట్టుకోవడం నేర్పింది నేను.
కోపం ముందు చెవుల్లోకి వచ్చింది, తర్వాత నోట్లోకి:
"ఎవరన్నారు?"
"ఎవరూ అనరు సార్. అందుకే నేనంటున్నా."

పెరంబూరు బస్సులో
నా తరఫున నేనే వాదించుకున్నాను.
ప్రతి స్టాపులోనూ గెలిచాను.
ఇంట్లో కంచం ముందు మా ఆవిడ
"ఇవాళ చారులో..." అనగానే
"ఉప్పు తగ్గిందిలే, పర్లేదు" అన్నాను.
ఇంగువ మార్చానని చెప్పబోయిందట.

ఆదివారం ఒక్కణ్ణే కొట్టు తెరిచి
అడుగు అరలోని అట్టపెట్టె బయటికి లాగాను.
తిరిగొచ్చిన కళ్లజోళ్లు.
"తల తిరుగుతోంది" అన్నవాళ్లవి,
"అలవాటైపోతుంది" అని నేను పంపేస్తే
వాదించే ఓపిక లేక బల్ల మీద వదిలేసి పోయినవాళ్లవి.
నలభై మూడు.
ఒక్కొక్కటే పెట్టుకుని చూశాను.
నేల లేచింది, గోడ ఒరిగింది,
గోడ మీది నా సర్టిఫికెట్టు
ఎవరి పేరుదో తెలీకుండా అలుక్కుపోయింది.

నల్ల ఫ్రేముది వరదరాజులుది.
అచ్చాఫీసులో పని, కొంచెం నత్తి.
"మొ... మొ..." అన్నాడు ఆ రోజు.
"మొదటిదే కదా" అని రాసేశాను.
"మొత్తం మసకే" అనబోయాడేమో.
ఇప్పుడు ఎక్కడని వెతకను?

సోమవారం వేదవల్లమ్మ వచ్చింది.
"ముందుదా, ఇదా?"
పలకలేదు.
జవాబు నా నాలుక చివర సిద్ధంగా ఉంది.
పళ్ల వెనక బిగబట్టాను.
ఫ్యాను తిరుగుతోంది.
బయట ఒక ఆటో ఎవరితోనో పోట్లాడి వెళ్లిపోయింది.
ఇంకా పలకలేదు.
"బాబూ," అంది చివరికి,
"ఆ అక్షరాలు నాకు రావు.
పదేళ్లుగా నీ దగ్గరికే వస్తున్నా.
నేను ఊఁ అనేలోపే నువ్వే రాసేవాడివి."

పిల్లలకు చూపే బొమ్మల పటం కోసం
అరలన్నీ వెతికాను. చేతులు ఎందుకో తొందరపడ్డాయి.
చేప. గొడుగు. తాళంచెవి.
చేపను చూసి ఆమె నవ్వింది.

షట్టరు దించేవేళ
సెల్వరాణి ముందు నిలబడి
నన్ను నేనే చూపించుకుంటూ అడిగాను:
"ముందుదా, ఇదా?"
తను నవ్వలేదు. ఆలోచించింది.
"ఇదే సార్. కానీ
ఆ పెద్దావిడ మాట్లాడుతుంటే
గడియారం చూశారు. రెండుసార్లు."

చూశానా?
కార్డు తీసి రాసుకున్నాను,
తను చెప్పింది చెప్పినట్టే:
గడియారం. రెండుసార్లు.