నాలుగో ప్రశ్న

నాలుగో ప్రశ్నకి రెండు మార్కులు.
'పెరుగుతున్న నెలవంకను గీయుము.'
మసేరు నుంచి ప్రశ్నలతో పాటే
జవాబులూ వచ్చాయి, లక్కముద్ర వేసిన కవరులో.
అందులో చంద్రుడికి కుడిపక్క వెలుగు.

థాబా-త్సెకా కొండ మీద
మా బడికి కరెంటు వారానికి మూడు రోజులు.
ఇవాళ ఆ మూడింట్లో లేదు.
కిరోసిన్ దీపం, ముప్ఫై రెండు పేపర్లు,
ఎర్ర పెన్ను, చల్లారిన టీ.

ముప్ఫై ఒక్కరు కుడివైపు వంక గీశారు.
ఒకడు కాంపస్ పెట్టి గీశాడు,
ఒకమ్మాయి దానికి కళ్లూ ముక్కూ కూడా పెట్టింది.
రెండు, రెండు, రెండు.
మొక్కజొన్న కంకి ఒలుస్తున్నట్టు
చెయ్యి దానంతటదే పోతోంది.

త్లాలీ ఒక్కడే ఎడమవైపు.
పెన్సిలు అరిగిపోయిందేమో, బొగ్గుతో రుద్దాడు.
కింద కొండ, కొండ మీద
గొర్రె కావచ్చు, రాయి కావచ్చు.
సున్నా వేశాను.
సున్నా కూడా చంద్రుడిలాగే ఉంది, నిండుగా.

వాడు వారానికి రెండు రోజులే బడికి వస్తాడు,
మిగతా రోజులు మంద వెంట.
దుప్పటి కప్పుకొని వెనక బెంచీలో కూర్చుని
నేను గురుగ్రహం దాకా వచ్చేసరికి నిద్రపోతాడు.
పిల్లలకి చుక్కలు చూపిస్తున్నానని
నాకో గొప్ప:
పట్టపగలు, నల్లబల్ల మీద, సుద్దముక్కతో.

ఒకసారి లేపి నిలబెట్టి అడిగాను
ఆకాశం గురించి నీకేం తెలుసని.
'సెలెమెలా పైకొస్తే దుక్కి మొదలు.
నాకా తెల్లవారుజామున కనబడిందా, చలి వచ్చేసినట్టే.
దాన్ని ముందు చూసినవాడికి
మా ముత్తాత రోజుల్లో దొర ఆవునిచ్చేవాడట.
మీరేమిస్తారు టీచర్?'
క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.
సిలబస్‌లో లేదు, కూర్చో అన్నాను.

టీ పారబోద్దామని బయటికొచ్చాను.
పడమటి గట్టు మీద
గోరు గీసినంత చంద్రుడు.
ఎడమపక్క వెలుగు, కాస్త కిందికి వాలి.

ఎవరూ లేరు కదా అని
నలభై ఆరేళ్లదాన్ని, వంగి
కాళ్ల సందులోంచి తలకిందులుగా చూశాను.
అప్పుడు కనబడ్డాడు పుస్తకంలో చంద్రుడు.
ఆ బొమ్మ గీసిన మహానుభావుడు
భూమికి అటు కొసన నిలబడి గీశాడు.
నేను ఇటు కొసన
పదకొండేళ్లుగా కిటికీకి వీపు పెట్టి
దాన్నే బల్ల మీద దించుతున్నాను.

లోపలికొచ్చి సున్నా కొట్టేసి రెండు వేశాను.
మరి ఆ ముప్ఫై ఒక్కరో?
నేను చెప్పిందే గీశారు పాపం.
ఆ సున్నాలన్నీ నా పేపర్లో పడాలి.
వాళ్ల రెండ్లు వాళ్లకే ఉంచాను.
మసేరుకి ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టాను,
ఇప్పటికీ 'అయ్యా' దగ్గరే ఆగి ఉంది.

మర్నాడు చెప్పాను,
రాత్రి బయటికెళ్లి చూసి గీసుకు రండని.
ఏ పక్క అన్నది చెప్పలేదు.
ఆ రాత్రి మబ్బు.
ఎదుటి కొండలే కనబడలేదు.

తెల్లారి ముప్ఫై చంద్రుళ్లు వచ్చారు.
కుడివి పంతొమ్మిది, ఎడమవి పదకొండు
(త్లాలీ పేపరు సంగతి పొక్కినట్టుంది).
పుసెలెత్సో మాత్రం
కాగితమంతా పెన్సిలుతో రుద్ది తెచ్చింది,
వేళ్లకింకా మసి పోలేదు.
'మబ్బు టీచర్. ఏడు నుంచి పది దాకా చూశాను.
మధ్యలో చిన్నాయన తిట్టాడు, అది గీయలేదు.'
రెండుకి రెండు వేశాను.
మూడు వేయడానికి గడి లేదు.

త్లాలీ ముందురోజు పొద్దున్నే
మందతో పై మేతకి వెళ్లిపోయాడు.
వానలు వెనకబడితే గానీ దిగిరాడు.
వాడి పేపరు నా సొరుగులో ఉంది.
మార్కుల సంగతి వాడికింకా తెలియదు.
ఆవు బాకీ అలాగే ఉంది.