గాటు

ఆదివారం మిర్చి యార్డు మూస్తరు.
ధర్మాబాద్ ఒక్క రోజు తుమ్మకుంట ఉంటది.
గోదాం మీది అర్రల నలుగురం కూసుంటం.
నడుమ నల్ల మఖ్మల్ గుడ్డ.
గుడ్డ మీద రోము రాజ్యం.

ముందుగాల ధర ఎవ్వరూ చెప్పరు.
ముందు చాయ్.
అటెన్క పత్తి ముచ్చట, రాని వాన ముచ్చట,
నాందేడ్ దిక్కు పోయే బండి లేటు ముచ్చట.
ఇగ చెప్పేటందుకు ఏం లేనప్పుడు
ఒకడు అంగి జేబుల నుంచి
విభూతి పొట్లం అసొంటిది తీస్తడు.
ఫ్యాను బంద్ చేస్తరు. ఎందుకో తెల్వదు, ఎప్పటి నుంచో అట్లనే.

ముప్పయ్యేండ్లు టికెట్ కిటికీల చిల్లర లెక్కబెట్టిన
బసంత్ పాంచాళ్
నాణెం అంచు పట్టుకుంటడు, ముఖం ముట్టడు.
"చెమట తగిల్తే రాజుకు జరమొస్తది" అంటడు.
బీదర్ నుంచొచ్చిన ముఖ్తార్ భాయ్
కంసాలి త్రాసు విప్పుతడు.
మూడు గ్రాముల ఆరు పాయింట్లు.
తేలికైతే పోతపోసిన దొంగది.
అంచుకు సన్నటి అతుకు,
కంటికి దొరకదు, గోటికి దొరుకుతది.

పోయినేడు నేను అట్లనే మునిగిన.
అంతకు ముందేడు అసలుదే దొరికింది.
మా గంగామణి నా మీది ప్రేమతోని
చింతపండేసి తోమింది.
రెండు వేల ఏండ్ల మసి
ఒక్క పొద్దుల మోరీల కలిసింది.
పెండ్లి పళ్లెం లెక్క మెరుస్తున్న తిబేరియస్‌ను జూసి
ఖుషాల్ సేట్ చింతావార్ ఏమన్లేదు.
చాయ్ మాత్రం తాగలేదు.

ఇయ్యాల ముఖ్తార్ భాయ్ పొట్లంల ఒకటి ఉన్నది.
ఎన్క దిక్కు కుర్సీల కూసున్న అమ్మ, చేతుల కొమ్మ,
అక్షరాలు సాఫ్.
తిప్పితే రాజు.
కనుబొమ్మ నుంచి దవడ దాక
ఉలితోని ఒక్క గాటు.

"సగం ధర గూడ రాదు" అన్నడు సేట్, పక్కకు నూకిండు.
"ఎవడో మొరటోడు చెడగొట్టిండు" అన్నడు బసంత్.

నేను యార్డుల కాయ చూసేటోన్ని.
బస్తా మీదికి ఎప్పుడూ ఎర్రగనే ఉంటది.
కడుపుల కత్తి దోపుత.
లోపలి కాయను గుంజి, తుంచి,
గింజ రంగు చూసినంకనే ధర.
రైతు నా దిక్కు కోపంగ చూస్తడు.
ఆ చూపు నాకు తెలుసు.

అందుకే ఆ గాటును గుర్తువట్టిన.
చెడగొట్టిన చెయ్యి కాదది.
ఏ రేవుల దిగిన సంచో, ఏ వాగు దాటి వచ్చిందో.
మిరియాలమ్మినోడో, మలుమలు నేసినోడో
రాజు బొమ్మ చూసిండు, కిరీటం చూసిండు,
చదవరాని అక్షరాలు చూసిండు,
"అంతా బాగనే ఉన్నది గని,
లోపల రాగి లేదు గద?" అన్నడు.
రాజు ముఖం మీద ఉలి పెట్టి ఒక్క దెబ్బ.
వాని పేరు ఏ నాణెం మీదా లేదు.
దస్కత్ మాత్రం ఇదే.

నా డబ్బీల ఒక్క మచ్చ లేనిది ఒకటుండె.
రెండు కాతల కమీషన్ దాని మీదనే పోసిన.
అది తీసి గుడ్డ మీద పెట్టిన.
ముఖ్తార్ భాయ్ అనుమానపడ్డడు.
గాటుదాన్ని మళ్ల అందుకున్నడు,
అద్దంల చూసిండు, ఎండకు పట్టిండు,
తనకు కండ్లవడనిది నాకేం కండ్లవడ్డదో అని.
ఆత్రం చూపెట్టొద్దుండె. యార్డుల పిల్లగాండ్లకు గూడ తెల్సిన పాఠం.
రుమాలు కింద వేళ్లు పట్టుకున్నం.
మచ్చలేనిదానికి తోడు
ఇంకో మూడు వేళ్ల పైకం గుంజిండు.

"గింత పెద్ద గాయమున్నదాన్ని తెచ్చినవా" అన్నది గంగామణి.
దీపం కాడికి పట్కపోయింది.
గాట్ల బొటనవేలి గోరు పెట్టి
ఈ కొస నుంచి ఆ కొస దాక గీసింది.
"లోపల గూడ వెండే" అన్నది.
నాణెం నా చేతుల పెట్టి పొయ్యి కాడికి పోయింది.

అయినా ఆ రాత్రి
చింతపండు డబ్బా అటక మీదికెక్కిచ్చిన.