నూలి పున్నమి

రాత్రి వాన వెలిసిన దేరా వీధిలో
ఆవుల కొమ్ములకు పసుపు రాస్తున్నారు.
వాళ్లకి ఇవాళ గమ్హా పున్నమి.
మాకు నూలి పున్నమి.
జగబంధు కొడుకు మట్టిదిబ్బ మీంచి దూకి
మోకాలు గీరుకుని నవ్వుతున్నాడు.

పెద్ద బజారులో కొన్న జంధ్యం, పదిహేను రూపాయలు.
కుంతలత్త దాన్ని వెలుతురుకి పట్టి చూసింది,
గోటితో గీరింది,
కొస విప్పి అగ్గిపుల్ల అంటించింది.
బూడిద రాలలేదు.
నల్లటి పూస కట్టింది.
"ఇది నూలు కాదురా.
దీన్నేసుకుని ఏటి చదువుతావు, గాయత్రా?"

వంటింట్లోంచి తకిలి తెచ్చుకుని
గోడకి జారగిలబడింది.
దూదిలోంచి దారం వస్తోంటే
ఆ దారం ముందునుంచీ అక్కడే ఉన్నట్టు,
ఆమె దారి చూపుతున్నట్టు అనిపించింది.
ఒకచోట లావు, ఒకచోట సన్నం.
తొంభై ఆరు బెత్తెలు కొలుస్తూ
మధ్యలో పాలవాడితో పోట్లాడి
లెక్క తప్పి
మళ్లీ మొదటికొచ్చింది.

నా ఒంటిమీది పాతదానికి
షోరూము తాళంచెవి తుప్పు,
ఆషాఢంలో వచ్చిన జ్వరం చెమట,
గిరి రోడ్డులో మరమగ్గం చీరని
మా ఇంట్లో నేసిందేనమ్మా అని అమ్మిన
ఒక మధ్యాహ్నం.
పొద్దున అయ్యవారు చెప్పించారు:
కోరిక చేసింది, నేను కాదు,
కోపం చేసింది, నేను కాదు.
జీతం చేసింది అనడానికి
ఆయన దగ్గర మంత్రం లేదు.

"ముందు కొత్తదేసుకో. తరవాతే పాతది తియ్యి."
ఎందుకత్తా, అన్నాను.
తామర తూటిలోంచి దారం తెచ్చిన
దేవలుడి కథ చెబుతుందనుకున్నా.

"అచ్చు అయిపోయిందని పన్నె ఖాళీ చేస్తామేట్రా?
పాత పోగుల కొసలు అందులోనే ఉంచి
కొత్త పోగు ఒక్కోటీ మెలేసి అతుకుతాం.
ఒక్కసారి ఖాళీ అయిందా,
మళ్లీ కన్ను కన్నుకీ దూర్చుకుంటూ కూచోవాల.
ఎన్ని వేల పోగులు అతికానో ఈ చేతుల్తో.
నా మెళ్లో ఎప్పుడూ ఒక్కటీ లేదు."

టీలో పంచదార తక్కువైందన్నంత మామూలుగా అంది.

మగ్గం కర్ర ఆరేళ్ల కిందటే అమ్మేశాం.
పన్నె మాత్రం ఇంకా గోడకి ఉంది,
జానెడేసి పట్టు కొసలతో,
ఎవరో వచ్చి అతుకుతారని.

కొత్తది వేసుకున్నాను.
ఒక్క ఊపిరి సేపు
రెండూ నా మీద ఉన్నాయి,
తడిది, పొడిది.
తాళంచెవి ఇటు మార్చాను.

పాతది మల్లెపాదులో వెయ్యమని ఆమెకిచ్చాను.
పోయినేడూ బజారుదే.
ఆమె దాని కొస విప్పి
చీర కుచ్చిళ్ల పక్కన
అగ్గిపెట్టె కోసం తడుముతోంది.

బూడిదవుతుందో, పూస కడుతుందో.
షాపుకి టైమైందని
చెప్పులేసుకున్నాను.