పదకొండో గడి

ఏకాంబరకుప్పం రైల్వే గేటు పడితే
నా జిరాక్స్ కొట్టు ముందు నాలుగు సైకిళ్లు ఆగుతాయి.
ఈ నెల గేటు ఎత్తినా కదలడం లేదు.

అందరి చేతుల్లోనూ కరెంటు బిల్లే,
మూడు మడతలు, చెమటకు మెత్తబడి.
కింది నుంచి రెండో వరసలో కొత్త పేరు:
కర్బన రుసుము.
'వీడెవుడు మేడమ్, పిలవకనే వచ్చి కూసున్నాడు?'
అన్నాడు దురైసామి.
బొగ్గు పొగకు కట్టే కూలి అని చెప్పాను.
'పొగ యాడిదో, కూలి నగరిలోనా' అంటూ
లుంగీ కొసతో మెడ తుడుచుకున్నాడు.
ఆయన నేసిందే ఆ లుంగీ.
అంచులో ఒక పోగు తప్పింది.
చూశాను, చెప్పలేదు.

సర్కారు సాయముంది.
మూడు పేజీలు, ఆధార్, మీటరు ఫోటో.
పదో గడి: గడిచిన మూడేళ్లలో సగటున ఎన్ని యూనిట్లు.
పదకొండు: ఇప్పుడెన్ని.
వాడకం తగ్గితే సాయమూ తగ్గుతుంది.

రేణిగుంట దారిలో ఇనుము కరిగించేవాళ్ల ఫారం
నిన్ననే పంపాను.
వాళ్ల అంకె గడి దాటి బయటికొచ్చింది.
తప్పనలేను,
అక్కడా మూడు షిఫ్టుల జనం అన్నం తింటున్నారు.

దురైసామి తగ్గించాడు.
ఎనిమిది మగ్గాల్లో మూడిటికి గోనెలు కప్పాడు.
పాత మోటర్లు తూకానికేసి
పుత్తూరు నుంచి కొత్తవి అప్పుకు తెచ్చాడు,
తక్కువ తాగుతాయని.
అలమేలు మిట్టమధ్యాహ్నం
ఫ్యాను ఆపుకుని కండెలు చుడుతోంది.

జాస్తి కాల్చినోడికి జాస్తీ,
పొదుపు చేసినోడికి కోతా?
ఆయన అడగలేదు.
నేనే అడిగాను, స్క్రీన్‌ని.
అది గుండ్రంగా తిరుగుతా ఉండింది.

గోనె కప్పిన మగ్గానికి గడి లేదు.
చిట్టచివర 'ఇతర వివరాలు' అని
వంద అక్షరాలకు చోటిచ్చారు.
ఆయన చెప్పాడు, నేను కొట్టాను:
మూడు ఆగినాయి. ఐదు ఆడతాండాయి.
ఆగినవి చెడిపోలా. నూనె పెడతానే ఉండాం.
ఇంకా చోటుందంటే
కాసేపు ఆలోచించి
'ఫ్యాను సంగతి రాయొద్దులే' అన్నాడు.

ఈ వీధిలో అరవకపోతే
పక్క మనిషికి మాట అందేది కాదు,
మగ్గాల మోత అంత.
ఇప్పుడు రాట్నం తిప్పినా వినపడుతుంది.
అలవాటు పోని దురైసామి
'నూనె పెడతానే ఉండాం' అని అరిచాడు గదా,
రోడ్డవతల టీ కొట్టులో
గ్లాసులు కడిగే పిల్లోడు
ఎవరినో తిడుతున్నారనుకుని
తలెత్తి చూశాడు.