పద్దెనిమిది దాకా

ఆ యుద్ధంలో మా వైపు
మొదట చచ్చిపోయింది సింహం.

మాది చింతాద్రిపేట. కూవం దాటితే
సెంట్రల్ స్టేషను పక్కన జూ.
చీకటి పడేవేళ అది ఒక్క అరుపు అరిస్తే
"సింహం అరిచింది, దీపం పెట్టండే" అనేది మా అవ్వ.
జపాను వాడు బాంబేస్తే బోన్లు విరిగి
మృగాలు వీధుల్లో పడతాయని
పోలీసులే వెళ్ళి కాల్చేశారు.
నేను పలకకి బొగ్గు రుద్దుతున్నాను,
ఎవరింట్లోనో టపాకాయలనుకున్నాను.
ఆ సాయంత్రం అవ్వ గుమ్మంలో కూర్చునే ఉంది,
దీపం ఎప్పుడు పెట్టాలో తెలీక.
పెట్టినా ఏం లాభం లెండి,
కిటికీలన్నిటికీ నల్ల కాయితం.

వీధి వారంలో ఖాళీ అయింది.
స్టేషనుకి జట్కావాడు పదిహేను రూపాయలడిగాడట.
ఎదురింటివాళ్ళు రుబ్బురోలు తప్ప అన్నీ పట్టుకుపోయారు.
మేం పోలేదు.
నాన్న హార్బర్లో మూటలు లెక్కరాసే గుమాస్తా,
యుద్ధమొచ్చినా మూటలు మూటలే.
మాకు పండగ:
తాళాలేసిన ఇళ్ళ అరుగులన్నీ మావే.

ఒకరోజు నాన్న
లెక్కలో లేని ఇద్దర్ని ఇంటికి తీసుకొచ్చాడు.
రంగూను ఓడ దిగిన తల్లీ కూతురూ.
పిల్ల పేరు నూకాలు. నా ఈడే.
టెక్కలి వైపు మేనమామ ఉన్నాడట,
కబురొచ్చేదాకా మా మెట్ల కింద.

మెట్ల కిందే మా సైరను ఆట కూడా.
అన్నయ్య చెంగల్రాయుడు ముక్కు మూసుకుని కూసేవాడు.
మేం బోర్లా పడి, చెవుల్లో దూది కుక్కుకుని,
పళ్ళ మధ్య రబ్బరు ముక్క కరుచుకోవాలి,
వార్డెను చెప్పిన పద్ధతి.
నాది బళ్ళో పెన్సిలు చెరిపే రబ్బరు.
ఆ రుచి ఇప్పటికీ పోలేదు.
నూకాలు పడుకోలేదు.
వాకిట్లో నిలబడి
పిట్టగోడ మీది కాకుల్ని చూస్తోంది.
"పడుకోవే, చచ్చిపోతావ్!"
"సైరను కాదు. ముందు కాకులెగుస్తాయి" అంది.

ఇంకోరోజు, ఎవరూ అడక్కుండా,
చింతపిక్కలాడుతూ చెప్పింది:
"అందరం ఈదిలోకొచ్చి సూసినాం.
ఎండకి తెల్లగ మెరిసినాయి. బాగున్నాయి.
మా అయ్య నన్ను బుజం మీదెట్టుకుని
ఏలు సూపించి లెక్కెట్టినాడు.
పద్దెనిమిది దాకా లెక్కెట్టినాడు."
పిక్కలు నా ముందుకి తోసింది. నా వంతు.

పంతొమ్మిది ఏమైందని అడగలేదు.
ఎనిమిదేళ్ళదాన్ని, లెక్కల్లో ఎప్పుడూ సున్నాలే,
ఆ లెక్క మాత్రం ఎవరూ చెప్పకుండానే వచ్చింది.
రాత్రి, నిద్రపోతున్న నాన్న భుజం
ముట్టుకు చూశాను.
చెమట. గోనె వాసన.

వానలకి ముందే వాళ్ళు వెళ్ళిపోయారు.
రబ్బరు ముక్క ఇస్తే నూకాలు తీసుకోలేదు.

మరుసటి ఏడు, అక్టోబరులో
నిజంగానే వచ్చింది, ఒకే ఒక్క విమానం.
హార్బరు దగ్గర ఏదో పడింది.
మర్నాడు ఊరంతా నవ్వుకుంది,
ఇంతోటిదానికా అన్ని తాళాలూ అని.
అప్పటికి ఎదురింటివాళ్ళు తిరిగొచ్చి
రుబ్బురోలు మీద బూజు దులుపుకుంటున్నారు.
నాన్న కూడా నవ్వాడు.

నేను ఆ రాత్రి మేలుకునే ఉన్నాను.
నాకు సైరను వినపడలేదు.
వెనకింటి వేపచెట్టు మీంచి, కటిక చీకట్లో,
కాకులు లేచాయి.
దుప్పట్లోంచి వేలు బయటపెట్టి
రెక్కల చప్పుడుని లెక్కపెట్టాను.
పదిహేడు దగ్గర
ఆపేశాను.