డిమ్ములో

సలాలాలో వానాకాలమంటే పెద్ద వానేం కాదు.
మూడు నెలలు మబ్బు కొండ దిగొచ్చి
రోడ్డు మీదే కాపురం పెడుతుంది.
దుబాయ్ నుంచీ మస్కట్ నుంచీ జనం
పిల్లాపాపల్తో కార్లేసుకుని చూడ్డానికొస్తారు.
నేను దాంట్లోంచే
ఐదువేల గ్యాలన్ల మంచినీళ్ళు
ఇతీన్ కొండ మీది క్యాంపుకి తోలతాను.

నెల్లాళ్ళుగా ఒకటే ప్రార్థన:
ఉండమంటావా, పొమ్మంటావా ప్రభువా.
అగ్రిమెంటు ఆగస్టుతో ఆఖరు.
శుక్రవారం కూడికలో మోకాళ్ళూని అడిగాను.
మిగతా ఆరు రోజులూ ఏసీలు బాగుచేసే
మా పాస్టరు కృపావరం గారు
నా తలమీద చెయ్యేసి నా తరఫున అడిగారు.
ఓ రాత్రి కళ్ళు మూసుకుని గ్రంథం తెరిచి వేలు పెట్టాను.
వాడి కొడుకు వీడు, వీడి కొడుకు ఇంకొకడు,
పేజీ నిండా పేర్లు.
నవ్వొచ్చింది.
మళ్ళీ తెరవలేదు,
లాటరీ అయిపోతుందని.

మధ్యలో ఇంకోటుంది, ప్రార్థనలో చెప్పనిది.
క్యాంపు గేటు దగ్గర రత్నరాజు.
మా పక్క మండలం వాడే,
నాకు వీసా ఇప్పించినవాడు.
ఒక ట్రిప్పు దింపితే రెండని రాయమంటాడు.
"నీళ్ళే కదరా, ఎవడు కొలుస్తాడు?"
నాలుగుసార్లు సంతకం పెట్టాను.
దాని గురించి దేవుణ్ణి అడగలేదు,
అడిగితే చెబుతాడని.

నిన్న రాత్రి మూడో మలుపులో
ముందున్న లారీ మాయమైపోయింది.
బ్రైటు వేశాను.
తెల్లగోడ.
ఎంత వెలుగు పోస్తే అంత గోడ.
బ్రేకు తొక్కితే వెనక నీళ్ళు
ట్యాంకు గుండెల మీద గుద్దుతున్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది మేనత్త సంతోషమ్మ.
ఇంటింటా సువార్త చెప్పి
చీకటి పడ్డాక కాలవ గట్టున తిరిగొచ్చేది.
లాంతరుతో ముందు నేను, ఎనిమిదేళ్ళవాణ్ణి.
మా పేట కనబడుతుందేమోనని
చెయ్యి నొప్పెట్టేదాకా పైకెత్తి పట్టేవాణ్ణి.
"కిందికి పట్టరా నాయనా,
అది పేట చూడ్డానిక్కాదు,
పాముని తొక్కకుండా."

డిమ్ముకి తిప్పాను.
రోడ్డు మధ్య ఒక తెల్లగీత,
మనిషి పొడుగంత.
అది చక్రం కిందికి పోతుంటే ఇంకోటి.
దాని తర్వాత ఉందో లేదో తెలీదు,
అక్కడికెళితే ఉంది.
ఓచోట నాలుగు ఒంటె కాళ్ళు,
పైన ఒంటె లేదు, మబ్బే.
ఆపాను.
కాళ్ళు తీరిగ్గా నడిచి వెళ్ళిపోయాయి.
పది నిమిషాల దారి
ముప్పావుగంట పట్టింది.

గేటు దగ్గర రత్నరాజు రిజిస్టరు తెరిచి
పెన్ను మూత కూడా తనే తీసిచ్చాడు.
వన్ అని రాశాను,
అంకె వెయ్యకుండా
అక్షరాల్లో, పక్కన చోటు మిగలకుండా.
చూశాడు.
వీసా మాట ఎత్తుతాడనుకున్నా, ఎత్తలేదు.
ఎత్తినా బావుండేది.
"మంచు జాస్తిగా ఉందా?" అన్నాడు.
"ఉంది" అన్నాను.

వెనక పేజీల్లో ఆ నాలుగు సంతకాలూ
అలాగే ఉన్నాయి.
వాటినేం చెయ్యాలో, ఎవరితో చెప్పాలో
శుక్రవారం దాకా ఆగి పాస్టరు గారిని అడగాలి.
కాదు, రేపే ఫోను చెయ్యాలి.
ఉండాలో పోవాలో
ఇప్పటికీ తెలీదు.

ఖాళీ ట్యాంకరు దిగుడులో ఎక్కువ ఊగుతుంది.
డిమ్ములోనే దిగాను.